దూకక తప్పదు: చెకర్స్ ఆటపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వేసవి సెలవులు మొదలయ్యాక ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చెకర్స్ ఆటకు సంబంధించినవే ఎక్కువ. విజయవాడలోనూ గుంటూరులోనూ మే నెల ఎండలో పిల్లలను వీధిలోకి పంపే ధైర్యం ఎవరికీ ఉండదు కనుక, అటక మీద పడి ఉన్న చదరంగం బోర్డులు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నట్లున్నాయి. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా మనవడూ మనవరాలూ సెలవులకు వచ్చారు. ఇంట్లో చదరంగం బోర్డు ఉన్నది కాని సగం పావులు పోయాయి. ఆ బోర్డు మీదనే చెకర్స్ ఆడుకోవచ్చునని మా అల్లుడుగారు ఫోన్లో చెప్పారు. నాకు అష్టాచెమ్మా, దాడి, పులి-మేక తప్ప వేరే ఆట తెలియదు. పిల్లలకు నేర్పగలిగేటట్లు మొదటి నుంచి చెప్పగలరా?
— ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అల్లుడుగారు చెప్పినది నిజమే. చదరంగం బోర్డులోని 64 గడులలో ముదురు రంగు గడులు 32 మాత్రమే ఈ ఆటకు పనికివస్తాయి. లేత రంగు గడులు ఆట మొత్తంలో ఖాళీగానే ఉంటాయి. బోర్డును పరిచేటప్పుడు ప్రతి ఆటగాడికీ తన ఎడమచేతి వైపు మూల గడి ముదురు రంగుది కావాలి. ఒక్కొక్కరికి 12 కాయలు కావాలి. క్యారమ్స్ కాయలు వాడుకుందామంటే నల్లవి 9, తెల్లవి 9 మాత్రమే ఉంటాయి కనుక మూడేసి తక్కువ పడతాయి. రెండు రంగుల చొక్కా బొత్తాలు వాడుకోవచ్చు గాని, మా దృష్టిలో కూల్‌డ్రింకు సీసాల మూతలు అన్నిటికంటే మేలు. అందుకు కారణం కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఎవరికి వారు తమకు దగ్గరగా ఉన్న మూడు వరుసలలోని ముదురు గడులలో కాయలు పేర్చుకోవాలి. వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలకు పన్నెండు సరిపోతాయి. మధ్యలో రెండు వరుసలు ఖాళీగా మిగులుతాయి. ముదురు రంగు కాయలవారిది మొదటి ఎత్తు. ఆ తరువాత ఒకరి తరువాత ఒకరు ఒక్కొక్క ఎత్తు వేస్తారు. కాయ ఎప్పుడూ ఐమూలగా, ముందుకు, ఒక్క గడి మాత్రమే జరుగుతుంది. వెనక్కు జరగదు, పక్కకు జరగదు.

చంపే పద్ధతి మీకు కొత్తకాదు. పులి మేకను దూకి చంపినట్లే ఇక్కడా మన కాయకు ముందు ఐమూలన ఎదుటివారి కాయ ఉండి, దాని వెనుక గడి ఖాళీగా ఉంటే దానిమీదుగా దూకి ఆ ఖాళీ గడిలో దిగాలి. దూకిన కాయను బోర్డు మీదనుంచి తీసివేయాలి. దిగిన చోటునుంచి మళ్ళీ దూకే వీలుంటే అదే ఎత్తులో రెండో కాయనూ, అవకాశముంటే మూడో కాయనూ చంపుకుంటూ పోవాలి. పులి-మేకలో పులి ఒక్కటే చంపుతుంది. ఇక్కడ రెండు పక్షాలవారూ పులులే, రెండు పక్షాలవారూ మేకలే.

కాయ ఎదుటివారి చివరి వరుసను చేరితే అది రాజవుతుంది. పెట్టెలో వచ్చే కాయలైతే ఒకదానిమీద మరొకటి పెట్టి గుర్తు పట్టేటట్లు చేస్తారు. సీసామూతలైతే వెల్లకిలా తిప్పితే చాలు, రాజయినట్లు దూరంనుంచి కూడా కనబడుతుంది, పిల్లల చేతులు తగిలి పడిపోయే భయమూ ఉండదు. రాజు ముందుకూ వెనక్కూ కూడా జరుగుతుంది, రెండు వైపులా దూకుతుంది. అయితే ఒక్కసారి ఒక్క గడే. కాయ దూకుతూ వెళ్ళి చివరి వరుసలో దిగి రాజయితే ఆ ఎత్తు అక్కడితో ముగుస్తుంది, ఇంకో దూకుడుకు వీలున్నా సరే తరువాతి వంతు దాకా ఆగాలి. ఎదుటివారికి కాయలు మిగలకపోయినా, మిగిలినవాటిలో ఒక్కటీ కదలలేకపోయినా మీరు గెలిచినట్లు.

ఒక నియమం మాత్రం మొదటిరోజే చెప్పండి. చంపే అవకాశం వచ్చినప్పుడు తప్పనిసరిగా చంపాలి. రెండు మూడు కాయలకు ఆ అవకాశముంటే దేనితో చంపాలో ఎంచుకోవచ్చు, అసలు చంపనని మాత్రం అనకూడదు. పిల్లలకు ఇది మొదట అన్యాయంగా తోస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వండి, నియమాన్ని మాత్రం సడలించకండి. ఎందుకో తరువాతి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో వివరంగా చెప్పాము.

ప్రశ్న: మా బావగారికీ నాకూ ప్రతి ఆదివారం ఇదే తగాదా. కాయను చంపడం ఇష్టముంటేనే చేయవచ్చునని నేనంటాను. చంపకపోతే ఆ కాయను ఊది బోర్డు మీదనుంచి తీసివేయాలని ఆయనంటారు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: నేటి నిబంధనల ప్రకారం చూస్తే ఇద్దరిదీ కాదు, కాని మీ బావగారు సత్యానికి దగ్గరగా ఉన్నారు. చంపడం తప్పనిసరి అన్నది ఆయన మాటలో ఉన్నది. ఊది తీసివేసే శిక్ష ఒకప్పుడు నిజంగానే ఉండేది. చంపవలసిన కాయతో చంపకుండా వేరే ఎత్తు వేస్తే, ఎదుటివారు ఆ తప్పుచేసిన కాయను తీసివేసి, ఆపైన తమ ఎత్తు తాము వేసుకునేవారు. లేదా ఆ ఎత్తును వెనక్కు తీసుకుని చంపితీరాలని పట్టుబట్టేవారు. నేటి పోటీ నిబంధనలలో ఆ శిక్ష లేదు. చంపకుండా వేసిన ఎత్తు చెల్లదు, దాన్ని వెనక్కు తీసి చంపే ఎత్తు వేయాలి, అంతే.

ఇక మీ వాదన. చంపడం ఐచ్ఛికంగా ఉన్న ఆట కూడా ఒకప్పుడు ఉండేది. 16వ శతాబ్దపు ఫ్రాన్సులో తప్పనిసరి నియమం ఉన్న ఆటకు ఒక పేరు, లేని ఆటకు వేరొక పేరు ఉండేవి. కాలక్రమంలో నియమం ఉన్నదే నిలిచింది. అది నిలవడానికి కారణం అర్థం కావాలంటే అయిదు కాయలు తీసుకుని ఈ చిన్న అమరికను బోర్డు మీద పెట్టి చూడండి.

ముందు గడులకు అంకెలు వేసుకుందాము. తెల్ల కాయలవైపు కూర్చుని, అందరికంటే దూరపు వరుసలోని ముదురు గడులకు ఎడమనుంచి కుడికి 1, 2, 3, 4 అని, దాని ఇవతలి వరుసకు 5 నుంచి 8 వరకు, ఇలా లెక్కిస్తూ వస్తే మీకు దగ్గరగా ఉన్న వరుసలో 29 నుంచి 32 వస్తాయి. 29 మీ ఎడమచేతి మూల. చెకర్స్ పుస్తకాలన్నిటా వాడే లెక్క ఇదే. ఇప్పుడు నల్ల కాయలను 9, 11 గడులలోనూ, తెల్ల కాయలను 17, 22, 25 గడులలోనూ పెట్టండి. ఎత్తు తెల్లవారిది.

తెల్లవారు 17లోని కాయను 14కు జరుపుతారు. చూడగానే వట్టి తెలివితక్కువ ఎత్తు. కాయను తీసుకువెళ్ళి నల్ల కాయ నోట్లో పెట్టినట్లున్నది. 9లోని నల్ల కాయ దూకి, 14లోని తెల్ల కాయను చంపి, 18లో దిగక తప్పదు. అప్పుడు 22లోని తెల్ల కాయ 18మీదుగా దూకి 15లో దిగి, అక్కడినుంచి ఆగకుండా 11మీదుగా దూకి 8కి చేరుతుంది. ఒకటి ఇచ్చి రెండు తీసుకున్నట్లయింది. బోర్డు మీద నల్ల కాయ ఒక్కటీ మిగలలేదు.

మీరు అంటున్నట్లు చంపడం ఇష్టప్రకారమైతే ఈ వల పనిచేయదు. నల్లవారు 14లోని కాయను ముట్టుకోకుండా వేరే ఎత్తు వేసుకుంటారు. అప్పుడు ఎవరూ ఏ కాయనూ బలి ఇవ్వరు, ఇద్దరూ గోడ కట్టుకున్నట్లు ఎదురెదురుగా నిలబడిపోతారు, ఆట సాగదు. తప్పనిసరి నియమం ఉన్నందువల్లనే ఎదుటివారి చేతిని మనం పట్టుకుని మనకు కావలసిన చోటికి నడిపించగలుగుతున్నాము. చెకర్స్‌లో నేర్పు అంటే చాలావరకు ఇదే: ఎదుటివారు తప్పనిసరిగా వేయవలసిన ఎత్తును మనమే తయారుచేసి పెట్టడం. ఈ నియమాన్ని తీసివేసి ఆడే ఆట చెకర్స్ బోర్డు మీద జరిగే వేరే ఏదో ఆట అని మా నిశ్చితాభిప్రాయం. ఈ విషయంలో మేము మధ్యవర్తిత్వం వహించము.

పై అమరికలో 25లోని తెల్ల కాయ ఏమీ చేయలేదని అనుకోకండి. దాన్ని తీసివేసి మళ్ళీ ఆడి చూడండి. 18లో దిగిన నల్ల కాయ అక్కడ ఆగదు. 22లోని తెల్ల కాయను కూడా దూకి 25లో దిగుతుంది, వల వేసినవాడే వలలో పడతాడు. కాయ వెనుక కాయ ఉంచుకోవడం ఎందుకు ముఖ్యమో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు. మీ బావగారి ముందు కూడా ఒకసారి పెట్టి చూడండి.

ప్రశ్న: హాస్టల్లో మేము ఆడేటప్పుడు రాజు ఒక్క గడే జరుగుతుంది. నా ఫోన్లోని ఆటలో మాత్రం రాజు బోర్డు ఈ చివరనుంచి ఆ చివరకు ఒకేసారి వెళ్ళిపోతున్నది. మామూలు కాయలు కూడా వెనక్కు దూకి చంపుతున్నాయి. ఆ ఆటలో లోపమున్నదా?
— ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, భవానీపురం, విజయవాడ

జవాబు: లోపమేమీ లేదు. మీ ఫోను రష్యా పద్ధతిలోనో, దానికి దగ్గరి పద్ధతిలోనో ఆడుతున్నది. బోర్డు ఒకటే అయినా దేశాన్నిబట్టి నియమాలు మారిపోయిన ఆట ఇది. పైన మేము వివరించినది బ్రిటన్, అమెరికాలలో ఆడే పద్ధతి. మన దుకాణాలలో దొరికే పెట్టెలలోని కాగితంలో సాధారణంగా కనిపించేదీ అదే. రష్యా పద్ధతిలో కూడా 64 గడులు, చెరి 12 కాయలే. కాని అక్కడ మామూలు కాయ జరగడానికి ముందుకే జరిగినా చంపడానికి వెనక్కు కూడా దూకుతుంది. రాజు ఐమూల దారిలో అడ్డం లేనంతవరకు ఎన్ని గడులైనా వెళుతుంది. కాయ దూకుతూ చివరి వరుసను తాకితే అక్కడికక్కడే రాజై, అదే ఎత్తులో రాజుగా దూకడం కొనసాగిస్తుంది. మొదటి ఎత్తు అక్కడ తెల్లవారిది.

ఇది కాక అంతర్జాతీయ పద్ధతి మరొకటి ఉన్నది. దానికి 100 గడుల బోర్డు, చెరి 20 కాయలు కావాలి. అందులోనూ రాజు దూరం వెళుతుంది, కాయలు వెనక్కు దూకుతాయి. కాని చంపడానికి రెండు దారులుంటే ఎక్కువ కాయలు చచ్చే దారినే పట్టాలి, ఎంచుకునే స్వేచ్ఛ లేదు. నెదర్లాండ్స్, ఫ్రాన్సు మొదలైన దేశాలలో ఆడేది ఇదే.

ఏది సరైనదని అడిగితే మూడూ సరైనవే. ఒక పద్ధతిలో మొదలుపెట్టి ఓడిపోయే సమయానికి మరొక పద్ధతిలోకి మారడం మాత్రం సరికాదు. హాస్టళ్ళలో గొడవలన్నీ అక్కడే పుడతాయని మీ ఉత్తరంలో ఇక్కడ అచ్చువేయని తరువాతి పేరా చదివినవారికెవరికైనా తెలుస్తుంది. మొదటి ఎత్తుకు ముందే రాజు ఎంత దూరం వెళుతుందో, కాయ వెనక్కు చంపవచ్చునో లేదో పైకి చెప్పుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు రెండు రాజులు మిగిలాయి, ఎదుటివాడికి ఒక్కటే. అయినా వాడు మూలలో చేరి అటూ ఇటూ తిరుగుతూ నన్ను విసిగించి ఆటను డ్రా చేయిస్తున్నాడు. రెండు రాజులతో ఒక రాజును ఓడించడం సాధ్యమేనా?
— నల్లపాడు, గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాజు ఒక్క గడే జరిగే పద్ధతిలో సాధ్యమే. మీ ఎదుటివాడు సరైన మూలనే పట్టుకున్నాడు. బోర్డుకు నాలుగు మూలలున్నా వాటిలో రెండింటి దగ్గర మాత్రమే ముదురు గడులు రెండు పక్కపక్కన ఐమూలగా ఉంటాయి. పైన చెప్పిన లెక్కలో 28, 32 అటువంటి జంట. 1, 5 మరొక జంట. ఒంటరి రాజు ఆ రెండింటి మధ్య ముందుకూ వెనక్కూ జరుగుతుంటే దాని వెంటపడి ప్రయోజనం లేదు. దానికి తిరిగే చోటు లేకుండా చేయాలి.

మీరు చేరుకోవలసిన అమరిక ఇది. నల్ల రాజు 28లో ఉండగా మీ రాజులు 27లోనూ 19లోనూ ఉండి, ఎత్తు మీది కావాలి. 27లోని రాజును 32లోకి దింపండి. ఇప్పుడు నల్ల రాజుకు వెనక్కు పోయే గడి నిండిపోయింది. 24కు జరగడం తప్ప గత్యంతరం లేదు. జరగగానే 19లోని మీ రాజు దాన్ని దూకి 28లో దిగుతుంది. ఇక్కడ కూడా పనిచేసినది బలవంతమే అని గమనించండి. కదలకుండా ఉండే హక్కు ఎవరికీ లేదు కనుకనే ఆ రాజు చచ్చింది. ఇదే అమరికలో ఎత్తు మీది కాక ఎదుటివాడిదైతే మీరు ఒకసారి వెనక్కు తగ్గి, వేరే దారిలో మళ్ళీ చుట్టుకు రావలసి ఉంటుంది. తొందరపడి కాయను అప్పగించవద్దు.

మీరు రష్యా పద్ధతిలో ఆడుతుంటే మాత్రం ఆశ వదులుకోవలసిందే. అక్కడ ఒంటరి రాజు ఈ మూలనుంచి ఆ మూలకు పోయే పెద్ద ఐమూల దారిని పట్టుకుంటే మూడు రాజులున్నా దాన్ని ఓడించలేరు.

ప్రశ్న: మా ఊరి పాత మండపం రాతిపలకల మీద పులి-మేక గళ్ళు చెక్కి ఉన్నాయి. దూకి చంపడం రెండు ఆటలలోనూ ఉన్నది కదా! చెకర్స్ మన ఆటనుంచే పుట్టిందని చెప్పవచ్చునా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

జవాబు: అలా చెప్పడానికి ఆధారం లేదు. పులి-మేకలో ఒకవైపు మూడు పులులు, మరొకవైపు పదిహేను మేకలు. రెండు పక్షాల బలమూ వేరు, లక్ష్యమూ వేరు. పులులు చంపాలని చూస్తాయి, మేకలు చుట్టుముట్టి పులులను కదలకుండా చేయాలని చూస్తాయి. చెకర్స్‌లో రెండు పక్షాలూ సమానం.

చరిత్రకారులలో ఎక్కువమంది చెకర్స్‌కు పూర్వరూపంగా చూపేది అల్కెర్కే అనే ఆటను. ఇది అరబ్బుల ద్వారా స్పెయిన్‌కు చేరింది. అక్కడి కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో 1283లో పూర్తిచేయించిన ఆటల గ్రంథంలో దీని వివరణ ఉన్నది. అయిదు గీతలు నిలువుగా, అయిదు అడ్డంగా గీసి, ఐమూల గీతలు కలిపితే 25 కూడళ్ళు వస్తాయి. చెరి 12 కాయలతో నడిమి కూడలి ఒక్కటి వదిలి మిగిలినవన్నీ నింపుతారు. కాయల సంఖ్య, దూకి చంపే పద్ధతి అక్కడినుంచి వచ్చాయి. గళ్ళ బోర్డు చదరంగం నుంచి వచ్చింది. ఈ రెండూ ఫ్రాన్సు ప్రాంతంలో కలిశాయని భావిస్తారు. గీతల కూడళ్ళ మీద సమాన బలాలతో దూకి చంపే ఆటలు మన ఉపఖండంలోనూ ఉన్నాయి. బెంగాలులో చెరి పదహారు కాయలతో ఆడేది అటువంటిదే. పోలికలు నిజమే కాని, ఎవరినుంచి ఎవరికి వెళ్ళిందో పోలికను బట్టి తేల్చలేము.

మీ ఊరి మండపంలోని గళ్ళను మాత్రం ఫొటో తీసి ఉంచండి. జీర్ణోద్ధరణ పేరుతో పాత రాళ్ళ మీద గ్రానైటు పరిచేస్తే ఆ తరువాత చూద్దామన్నా కనబడవు.

ప్రశ్న: మా అబ్బాయి మూడేళ్ళుగా చదరంగం శిక్షణకు వెళుతున్నాడు. ఇప్పుడు చెకర్స్ మీద పడ్డాడు. దీనివల్ల చదరంగం పాడవుతుందా?
— ఒక తల్లి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: గుంటూరు పెంటేల హరికృష్ణను, ద్రోణవల్లి హారికను ఇచ్చింది, గుడివాడ కోనేరు హంపిని ఇచ్చింది. ముగ్గురూ గ్రాండ్‌మాస్టర్లే. అటువంటి ప్రాంతంలో తల్లిదండ్రులకు ఈ ఆందోళన కలగడం సహజమే. మా అభిప్రాయంలో సెలవులలో చెకర్స్ ఆడినందువల్ల చదరంగానికి వచ్చే నష్టం లేదు. ఒక్క అలవాటు విషయంలో మాత్రం కనిపెట్టి ఉండండి. చెకర్స్‌లో చంపే అవకాశం వస్తే ఆలోచించే పనిలేకుండా చంపాలి, చదరంగంలో ఆలోచించకుండా చంపితే మంత్రి పోతుంది. రెండు ఆటలూ ఒకే రోజు ఆడే పిల్లలు కొందరు మొదట్లో ఈ తేడాను మరచిపోతారు.

లాభం కూడా ఉన్నది. చదరంగంలో చిన్నపిల్లలకు కష్టంగా ఉండేది వరుసగా నాలుగైదు ఎత్తులు ముందుకు చూడడం. ప్రతి దశలోనూ ఎన్నో దారులు చీలిపోతుంటాయి. చెకర్స్‌లో ఎదుటివారికి చాలాసార్లు ఒక్క దారే ఉంటుంది కనుక, ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా ఆరు ఎత్తులు లెక్కపెట్టగలుగుతాడు. శిక్షకుడు అభ్యంతరం చెప్పకపోతే ఆడనివ్వండి.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో చైనీస్ చెకర్స్ కొన్నాను. నక్షత్రం ఆకారపు బోర్డు, గుంటలు, రంగు గోళీలు వచ్చాయి. మీరు చెప్పే నియమాలు దానికి కుదరడం లేదు.
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కుదరవు. అది వేరే ఆట. 1892లో జర్మనీలో తయారయింది. చైనాతో దానికి సంబంధం లేదు, ఆ పేరు అమెరికా వ్యాపారులు పెట్టినది. అందులో దూకడం ఉన్నది కాని చంపడం లేదు. మీ గోళీలన్నిటినీ ఎదుటి కోణంలోకి ముందుగా చేర్చినవారు గెలుస్తారు. ఇద్దరికి మించి ఆరుగురి దాకా ఆడవచ్చు కనుక, కుటుంబమంతా కూర్చునే రోజున అదే పనికివస్తుంది.

ప్రశ్న: కంప్యూటరు చెకర్స్‌ను పూర్తిగా పరిష్కరించిందని మా లెక్చరర్ చెప్పారు. పరిష్కరించడమంటే ఏమిటి? అలాగైతే ఇంక మనుషులు ఆడడం దేనికి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ లెక్చరర్‌గారు చెప్పినది నిజం. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జోనథన్ షాఫర్ బృందం 1989లో చినూక్ అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టి, 2007లో ఫలితాన్ని సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఇరుపక్షాలవారూ ఒక్క తప్పూ చేయకుండా ఆడితే ఆట డ్రాగానే ముగుస్తుందన్నది ఆ ఫలితం. ఆటలో రాగల స్థితులు దాదాపు 5 పక్కన 20 సున్నలు పెట్టినంత. అన్నిటినీ చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. పది కాయలు, అంతకంటే తక్కువ మిగిలిన స్థితులన్నిటికీ ఫలితాన్ని ముందే లెక్కకట్టి భద్రపరచి, ఆట ఆరంభంనుంచి అక్కడికి చేరే దారులలో నిరూపణకు కావలసినవాటిని మాత్రమే పరిశీలించారు.

కంప్యూటరుకూ ఈ ఆటకూ ఉన్న అనుబంధం ఇంకా పాతది. ఐబీఎం ఇంజనీరు ఆర్థర్ శామ్యూల్ 1950లలో తానే ఆడి నేర్చుకునే చెకర్స్ ప్రోగ్రామును తయారుచేశాడు. 1959లో ఆయన రాసిన వ్యాసంతోనే మెషీన్ లెర్నింగ్ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. మీరు ఏ సెమిస్టరులోనైనా మెషీన్ లెర్నింగ్ చదివితే, ఆ పాఠానికి పూర్వీకుడు ఈ పన్నెండు కాయల ఆటే.

అయితే ఈ కథలో మాకు ఎక్కువ ఇష్టమైన భాగం మారియన్ టిన్స్‌లీది. అమెరికాకు చెందిన గణితాచార్యుడు, చెకర్స్ ప్రపంచ ఛాంపియన్. దశాబ్దాల తరబడి ఆయన ఓడిన ఆటలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1992లో లండన్‌లో చినూక్‌తో పోటీ జరిగినప్పుడు 4 ఆటలు గెలిచి, 2 ఓడి, 33 డ్రా చేసి నెగ్గాడు. 1994లో మళ్ళీ తలపడ్డారు. ఆరు ఆటలు వరుసగా డ్రా అయ్యాక టిన్స్‌లీ అనారోగ్యంతో తప్పుకోవలసి వచ్చింది, మనిషి-యంత్రం ప్రపంచ టైటిల్ చినూక్‌కు దక్కింది. మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూశాడు. ఆరోగ్యంగా ఉన్న టిన్స్‌లీని యంత్రం పోటీలో ఓడించిందని ఎవరూ అనలేకపోయారు.

మనుషులు ఎందుకు ఆడాలన్నది రెండో ప్రశ్న. డ్రా అని నిరూపించిన ఆ దారిని ఏ మనిషీ తలలో పెట్టుకోలేడు. పెద్ద పోటీలలో నిపుణులు కంఠస్థం చేసిన ఆరంభాలతోనే డ్రాలు చేసుకుంటూ పోకుండా మొదటి మూడు ఎత్తులను చీటీ తీసి నిర్ణయిస్తారు. ఒకే ఆరంభాన్ని ఇద్దరూ రెండు పక్షాలనుంచీ ఒక్కొక్కసారి ఆడతారు కనుక ఎవరికీ అన్యాయం జరగదు. హాస్టలు గదిలో అంత దూరం పోవలసిన పనిలేదు. అక్కడ పదో ఎత్తులోపలే ఎవరో ఒకరు ఒకటి తీసుకుని రెండు పోగొట్టుకుంటారు.

ప్రశ్న: మా పాప ఎప్పుడూ ఓడిపోతున్నది. ఏమి నేర్పితే కాస్త నిలబడుతుంది?
— ఒక తండ్రి, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: పాప తెల్ల కాయలతో ఆడితే 30, 32 గడులలోని కాయలను, నల్ల కాయలతో ఆడితే 1, 3 గడులలోని కాయలను వీలైనంత సేపు కదపవద్దని చెప్పండి. వెనుక వరుసలో ఆ రెండూ ఉన్నంతవరకు ఎదుటివారి ఒంటరి కాయ రాజు కావడం చాలా కష్టం. చాలామంది పిల్లలు వెనుక వరుస మొత్తాన్ని కాపలా పెట్టి ఎనిమిది కాయలతోనే పోరాడుతుంటారు, లేదా నాలుగింటినీ ముందుకు తోసేస్తారు. రెండు ఉంచి రెండు వాడుకోవడం మధ్యేమార్గం.

రెండోది, భయపడి కాయలను బోర్డు అంచులకు నెట్టవద్దని చెప్పండి. అంచున ఉన్న కాయను ఎవరూ దూకలేరు, అది నిజమే. కాని దానికి జరగడానికి ఒక్క గడే ఉంటుంది కనుక సగం పనికే వస్తుంది. నడుమనున్న 14, 15, 18, 19 గడులను పట్టుకున్నవారికి ఎక్కువ దారులుంటాయి. మూడోది, సంఖ్యలో ముందున్నప్పుడు ఒకటికి ఒకటి మార్చుకుంటూ పోవాలి. అయిదుకు నాలుగు ఉన్నప్పటికంటే రెండుకు ఒకటి ఉన్నప్పుడు గెలవడం తేలిక. వెనుకబడి ఉన్నప్పుడు మార్పిడికి ఒప్పుకోకూడదు.

ప్రశ్న: నాకు నాలుగు కాయలున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఎత్తు నాది. చదరంగంలోలాగా ఇది డ్రానే కదా?
— పదేళ్ళ పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: కాదు, బాబూ. నీవు ఓడిపోయినట్లే. చదరంగంలో రాజుకు కిస్తు లేకుండా ఎత్తు వేయలేని స్థితి వస్తే డ్రా అవుతుంది. చెకర్స్‌లో ఎత్తు వేయలేనివారు ఓడినట్లు. నాలుగు కాయలున్నా, పది ఉన్నా తేడా లేదు. ఇద్దరిలో ఎవరూ గెలవలేని స్థితి వచ్చి, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడు డ్రా. అవే ఎత్తులు మళ్ళీ మళ్ళీ వేస్తూ ఆట ముందుకు సాగనప్పుడు కూడా డ్రాగా తీసుకోవచ్చు. నీ ఉత్తరంలో బొమ్మ కూడా వేసి పంపావు. అందులో నీ ఎడమవైపు చివరి కాయను రెండు ఎత్తుల ముందు జరపకుండా ఉంచి ఉంటే నీకు ఇంకా ఒక ఎత్తు మిగిలేది.